సున్నా వోల్టుల దగ్గర బొడిపె

పరిశోధన చేస్తున్న కుర్ర లెక్చరర్లు ఎవరైనా కలిస్తే, మీ గైడు ఎవరని నేను అడగను. మీ ల్యాబ్ అటెండర్‌తో మాట్లాడతారా అని అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. ముసలావిడ చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం నాకెలా పట్టుకుందో చెప్పాలంటే నా పరువు కొంత పోతుంది. రిటైరయ్యాక పరువుతో పెద్దగా పని పడటం లేదు కనుక చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. ఫిజిక్స్‌కి నేనొక్కదాన్నే లెక్చరర్‌ని. వారమంతా అక్కడ కిరాయి గదిలో, శనివారం సాయంత్రం బస్సెక్కి ఖమ్మంలో ఇంటికి. అప్పటికే నలభై దాటాయి. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరి ఉన్నాను. పదోన్నతి రావాలంటే డాక్టరేట్ కావాలి, డాక్టరేట్ రావాలంటే ల్యాబ్ కావాలి. నన్ను వేసిందేమో ల్యాబ్‌లో గబ్బిలాలు తిరిగే కాలేజీకి.

ఆ గబ్బిలాల గదిలోనే, నాలుగేళ్ళుగా ఎవరూ విప్పని చెక్కపెట్టె ఒకటి ఉంది. వెనుకబడిన ప్రాంతాల కాలేజీలకు సైన్సు పరికరాలు అంటూ ఏదో పథకం కింద వచ్చిందట. విప్పించి చూస్తే వాక్యూమ్ కోటింగ్ యూనిట్. మోకాలెత్తు గాజు గంట, దాని కింద గాలి లాగేసే పంపులు. గంటలో గాలి లేకుండా చేసి, లోపల లోహాన్ని కాల్చి ఆవిరి చేస్తే ఆ ఆవిరి గాజు పలక మీద పల్చటి పూతగా పేరుకుంటుంది. ఈ యంత్రం కోసమే హైదరాబాద్‌లో మా గైడు గారి దగ్గర విద్యార్థులు నెలల తరబడి వరసలో నిలబడేవాళ్ళు. నాకు అడవిలో దొరికింది. అదృష్టం అనుకున్నాను.

నా పని క్లుప్తంగా ఇది. గాజు పలక మీద సన్నగా అల్యూమినియం పట్టీ పూస్తాం. గాలి తగిలితే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఉల్లిపొర కూడా దాని ముందు దుప్పటే, అంత పల్చన. ఆ పొర మీదుగా అడ్డంగా సీసం పట్టీ పూస్తాం. మధ్యలో ఉన్న పొర కరెంటును ఆపాలి, కానీ అంత పల్చటి గోడను ఎలక్ట్రాన్లు దాటిపోతాయి. దాన్నే టన్నెలింగ్ అంటారు. ఈ పలకను ద్రవ హీలియంలో ముంచితే సీసం సూపర్‌కండక్టర్ అవుతుంది. అప్పుడు వోల్టేజీ మారుస్తూ కరెంటు ఎంత సులువుగా పోతుందో గీత గీస్తే, సున్నా వోల్టుల దగ్గర గీత లోయలా పడిపోతుంది. పొర బాగా వచ్చిందనడానికి అది సాక్ష్యం. తర్వాత అయస్కాంతం ఆన్ చేసి సీసంలోని ఆ గుణాన్ని చంపేస్తే లోయ పూడిపోయి గీత దాదాపు చదునవుతుంది. సున్నా దగ్గర ప్రత్యేకంగా ఏమీ ఉండకూడదు.

పలకలు మా కాలేజీలో చేయడం, హీలియం ఉన్న రోజున హైదరాబాద్ తీసుకెళ్ళి కొలవడం. ఇదీ ఏర్పాటు. హీలియం మన ఇష్టానికి దొరకదు. అది తయారైనప్పుడు గైడు గారు కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసేవారు. ప్రిన్సిపాల్ గారు కోస్తా వైపు మనిషి, తెలుగు సాహిత్యం చదువుకున్నవారు. క్లాసులోకి కబురు పంపేవారు: "మేడమ్‌కి హీలియం వచ్చిందటండీ. ఇంకా సెలవు చీటీ రాలేదు." పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి హైదరాబాద్. తేమ తగలకుండా మూత బిగించిన గాజు పాత్రలో పలకలు పెట్టి, ఆ పాత్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. సీసం పట్టీలు కుదుపుకు గీరుకుపోతాయని నా భయం. కండక్టర్లు పచ్చడి అనుకునేవాళ్ళు. "జాడీ కింద పెట్టున్రి మేడం, పక్కన మనిషి కూసుంటడు" అని ఒకాయన దాన్ని లాగబోతే నేను అరిచిన అరుపుకు డ్రైవర్ బస్సు ఆపాడు.

ఇక మా అటెండర్ గురించి. యాభై దాటిన మనిషి, కోయ కుటుంబం. బూర్గంపాడు నుంచి లోపలికి వెళ్తే వస్తుంది వాళ్ళ గూడెం. వాచ్‌మన్‌గా చేరి, ఏళ్ళు గడిచాక ల్యాబ్ అటెండర్ అయ్యాడు. ఏడో తరగతి వరకే చదివాడు గాని, కోటింగ్ యూనిట్ బిగించడానికి కంపెనీ ఇంజనీరు వచ్చిన మూడు రోజులూ దగ్గరుండి చూసినవాడు ఆయనొక్కడే. నేను ఆ మూడు రోజులూ ఖమ్మంలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తిరిగొచ్చేసరికి ఏ వాల్వు ముందు తిప్పాలో, ఏది తర్వాత తిప్పాలో ఆయనే నాకు నేర్పాడు. నేర్చుకున్నాను. ఆయన చేతి కింద నేర్చుకున్నానన్న సంగతి ఎంత త్వరగా మర్చిపోయానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

మొదటి ఏడాది చేసిన పలకలన్నీ పుస్తకంలో చెప్పినట్టే వచ్చాయి. లోయ ఉంది, అయస్కాంతం పెడితే గీత చదునవుతోంది. "బాగుంది, కానీ ఇందులో కొత్తేముంది?" అన్నారు గైడు గారు. డాక్టరేట్‌కి కొత్తది కావాలి కదా.

ఆ తర్వాత వచ్చింది తంటా. ఒక సోమవారం అటెండర్ నా దగ్గరికి వచ్చాడు. గాజు గంట లోపల, సీసం పెట్టి కాల్చే రేకును రెండు స్తంభాలకు పట్టి ఉంచే బోల్టులు ఉంటాయి. వాటి మర అరిగిపోయింది.

"మేడం, రాగి బోల్టులు పోయినయి. ఖమ్మంల లేత్ షాపున్నది. గాడ చేయించుకొస్త. రేపు పోయి ఎల్లుండికొస్త."

"గురువారం పొద్దున నేను బస్సెక్కాలన్నా. హీలియం శుక్రవారం ఇస్తరట. ఉన్న బోల్టేదో పెట్టరాదూ."

"ఉన్నయి ఇనుపవి. ఇనుపవి పెట్టొద్దని ఇంజనీరు సారు చెప్పిండు. ఎర్రగ కాలుతయి, రవ్వలొస్తయి."

"ఇంజనీరు సారొచ్చి నా థీసిస్ రాస్తడా?"

ఆయన మర్నాడు ఖమ్మం వెళ్ళాడు. నాకు ఆగే ఓపిక లేదు. బల్ల సొరుగులో ఉన్న ఇనుప బోల్టు తీసి నేనే బిగించి, పలకలు చేసుకున్నాను. కరెంటు పెంచుతుంటే సీసం కరగకముందే బోల్టు ఎర్రబడింది. ఒకటి రెండు రవ్వలు కూడా రాలాయి. కాసేపటికి సీసం పూత పడింది, పని అయింది. బోల్టు సంగతి నోటుబుక్కులో రాయలేదు. రాయాల్సిన విషయమని తోచలేదు.

ఆ శుక్రవారం హైదరాబాద్‌లో అయస్కాంతం ఆన్ చేశాక, చదునుగా ఉండాల్సిన గీత మీద సరిగ్గా సున్నా వోల్టుల దగ్గర చిన్న బొడిపె కనిపించింది. వైర్లు మార్చి చూశాను, మళ్ళీ వచ్చింది. పలక మార్చాను, దాని మీదా ఉంది. గైడు గారు వచ్చి కళ్ళద్దాలు తీసి కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఏం మార్చారు ఈసారి?"

"ఏమీ మార్చలేదు సర్."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే ఏమీ మార్చలేదనుకున్నాను. ఇప్పటికీ నన్ను తినేసేది ఆ నిజాయితీయే.

అక్కడి నుంచి దాదాపు రెండేళ్ళు ఆ బొడిపె నాతో దాగుడుమూతలాడింది. ఒక నెల వచ్చేది, తర్వాతి నెల మాయమయ్యేది. హైదరాబాద్ యంత్రంలో చేసిన పలకల్లో ఒక్కసారీ రాలేదు. గైడు గారు మొదట అనుమానపడ్డారు, తర్వాత ఆశపడ్డారు, ఆ తర్వాత నా మీద విసుక్కోవడం మొదలుపెట్టారు. "వస్తే ప్రతిసారీ రావాలి, లేకపోతే అసలు రాకూడదు. ఇదేం పద్ధతమ్మా?" బొడిపె నా చెప్పుచేతల్లో ఉన్నట్టు నన్నడిగేవారు. ఇక్కడ కాలేజీలో కరెంటు కోతలు. పంపులు మూడు గంటలు నడిస్తే గాని గాజు గంటలో సరిపడా శూన్యం రాదు, రెండున్నర గంటలకు కరెంటు పోయేది. పైగా తనిఖీ బృందం వస్తోందని ప్రిన్సిపాల్ గారు ఫైళ్ళు రాయించేవారు. ఆ బృందం ఎప్పుడూ వచ్చే నెలే వచ్చేది.

ఒకరోజు నోటుబుక్కు ముందేసుకుని తేదీలన్నీ వరసగా రాశాను. బొడిపె వచ్చిన రోజులు ఒకవైపు, రానివి ఒకవైపు. అప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అటెండర్ సెలవులో ఉండి నేనొక్కదాన్నే చేసుకున్న పలకల్లో బొడిపె ఉంది. ఆయన ఎన్నికల డ్యూటీకి వెళ్ళిన వారం ఉంది. వాళ్ళ గూడెంలో విత్తనాల పండుగకని వెళ్ళినప్పుడు ఉంది. ఆయన ల్యాబ్‌లో ఉండి చేయి పెట్టిన ప్రతిసారీ లేదు.

నేను తేల్చుకున్నదేమిటో మీరు ఊహించగలరు. ప్రకృతి నాకొక కొత్త విషయం చూపించాలని చూస్తుంటే, ఈయన మురికి చేతులతో దాన్ని చెడగొడుతున్నాడు. ఆయనకు పొగాకు నమిలే అలవాటుంది. ఆ చేత్తోనే పలకలు ముట్టుకుంటున్నాడని మానిపించాను. మానాడు. బొడిపె రాలేదు. చేతికి తొడుగులు ఇచ్చాను. వేసుకున్నాడు. రాలేదు. బోల్టుల కోసం ఖమ్మం పోవాలని మళ్ళీ అడిగితే, సెలవు కోసం సాకులు చెబుతున్నాడనుకున్నాను. ఒకసారి ఏదో చెప్పబోయాడు.

"మేడం, మీరొక్కరే చేసుకున్నప్పుడు గా బోల్టు..."

"అన్నా, నీ బోల్టుల పురాణం ఆపు. చెప్పిన పని చెయ్యి చాలు."

ఆపేశాడు. ఆ తర్వాత నోరెత్తలేదు. నేను లేనప్పుడు నా ఇనుప బోల్టు తీసేసి, తన రాగి బోల్టు బిగించి వెళ్ళేవాడు. నేను మళ్ళీ ఒంటరిగా చేసుకునేటప్పుడు, రాగి బోల్టు మర జారుతోందని విసుక్కుని సొరుగులో ఇనుపది తీసుకునేదాన్ని. ఇంత జరుగుతున్నా బోల్టును బోల్టుగానే చూశాను.

చివరికి ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు రాసిచ్చాను. "పరిశోధన సామగ్రి పట్ల నిర్లక్ష్యం" అన్న మాట నాదే. అటెండర్‌కు మెమో ఇచ్చారు. ల్యాబ్ నుంచి తీసి ఆఫీసులో వేశారు. గంట కొట్టడం, రిజిస్టర్లు మోయడం. సంజాయిషీ కూడా రాసిచ్చాడట. అది నాకు పంపితే, క్లాసుకు వెళ్ళే తొందరలో చదవకుండానే "సంతృప్తికరంగా లేదు" అని రాసి సంతకం చేశాను.

తర్వాత తొమ్మిది నెలలు స్వర్గం. చేసిన ప్రతి పలకలోనూ బొడిపె. గైడు గారి ముఖంలో వెలుగు. ఇద్దరం కూర్చుని వ్యాసం రాసి విదేశీ పత్రికకు పంపాం. పల్చటి పూతల్లో సున్నా వోల్టుల దగ్గర ఇంతవరకు ఎవరూ వివరించని ప్రవర్తన అని రాశాం. పత్రిక వాళ్ళు, వ్యాసాన్ని పరీక్షించిన ఒక పరిశీలకుడి ప్రశ్నతో ఉత్తరం పంపారు: మీ పొరలో ఇనుము లాంటి అయస్కాంత లోహాల కల్తీ లేదని ఎలా నిర్ధారించుకున్నారు? అలాంటి కల్తీ ఉంటే ఇలాంటి బొడిపె వస్తుందని ఎప్పటి నుంచో తెలిసిందే కదా?

తెలిసిందే. నాకూ తెలుసు. నా థీసిస్ రెండో అధ్యాయంలో ఆ సంగతి నేనే రాసుకున్నాను. గైడు గారు ఫోన్‌లో అన్నారు: "మనం వాడేది శుద్ధమైన సీసం, శుద్ధమైన అల్యూమినియం. కల్తీ ప్రశ్నే లేదని రాసేయండి. ఈ వారంలో పంపేద్దాం."

రాయడానికి కూర్చున్న వారంలోనే బోల్టు విరిగింది.

సీసం కాలుతుండగా టప్ మని శబ్దం వచ్చింది. గంట ఎత్తి చూస్తే బోల్టు తల ఊడి పడి ఉంది. మిగతా ముక్క స్తంభంలో ఇరుక్కుపోయింది. పట్టకారుతో లాగాను, రాలేదు. నూనె వేశాను, రాలేదు. వేలు చీరుకుంది. గంటసేపు తంటాలు పడి, ఇక దిక్కులేక ఆఫీసుకు వెళ్ళి అటెండర్‌ను పిలిచాను. తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి.

మూడో పీరియడ్ గంట కొట్టి వచ్చాడు. స్తంభం మీద చిన్నగా తట్టి, ముక్కను మెల్లగా తిప్పి బయటికి తీశాడు. విరిగిన తల, ఆ ముక్క రెండూ అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో చూశాడు. బల్ల సొరుగులోంచి కొత్త ఇనుప బోల్టు ఒకటి తీసి పక్కన పెట్టాడు. స్తంభంలోకి పోయే భాగం మారలేదు గాని, రేకును పట్టి ఉండే చోట పాతది సగానికి సన్నబడి, ఎలుక కొరికినట్టు ఉంది.

"మేడం, గింత సన్నగైంది. అరిగిన ఇనుమంత ఏడికి పోయింది?"

ఆయన ప్రశ్నగా అడిగాడో, తనలో తాను అనుకున్నాడో తెలియదు. నేను మాత్రం స్టూలు మీద కూలబడ్డాను. కాల్చేటప్పుడు గాజు గంట బిగించి ఉంటుంది. లోపల గాలి కూడా ఉండదు. ఇనుము ఎక్కడికి పోతుంది? సీసం కరగకముందే ఎర్రబడిన బోల్టు నుంచి లేచి, అప్పుడే తయారైన ఆక్సైడ్ పొర మీద వాలింది. దాని మీద సీసం పడింది. కంటికి ఆనదు. బొడిపె రావడానికి మాత్రం సరిపోతుంది.

"నువ్వు చేసినప్పుడు బొడిపె ఎందుకు రాలేదు?" అన్నాను. జవాబు నాకు తెలిసిపోయింది. అయినా ఆయన నోట వినాలనిపించింది.

"నేను ఎన్నడూ ఇనుపది పెట్టలే మేడం. రాగిదే పెట్టిన. మీరు పెట్టింది నేను తీసేసెటోణ్ణి."

"మరి నాకు చెప్పొద్దా అన్నా?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"చెప్పిన కద మేడం. వినకపోతిరి. మెమో ఇచ్చినప్పుడు కాయిదం మీద కూడ రాసిచ్చిన."

ఆఫీసుకు పరిగెత్తినట్టే వెళ్ళాను. గుమస్తా ఖమ్మం వాడు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. "గిప్పుడా మేడం? తిన్నంక తీస్త" అన్నాడు. నా ముఖం చూసి మళ్ళీ మూత పెట్టాడు. ఫైలులో ఆయన సంజాయిషీ ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర వరసలు, ఐదు వాక్యాలు. తాను సామాను పాడు చేయలేదని, మేడం గారు ఒక్కరే చేసుకునేటప్పుడు ఇనుప బోల్టు పెడుతున్నారని, అది కాలి ఇనుము లోపలే పడుతోందని, దాని వల్ల ఏమైనా తేడా వస్తుందేమో దయచేసి చూడాలని, తాను రాగి బోల్టే పెడుతున్నానని. కింద నా చేతిరాత: సంతృప్తికరంగా లేదు.

పత్రిక పరిశీలకుడి ప్రశ్నకు జవాబు మా ఆఫీసు బీరువాలో తొమ్మిది నెలల నుంచి ఉంది. నా సంతకంతో సహా.

ఆ సాయంత్రం గైడు గారికి ఫోన్ చేశాను. బోల్టు సంగతంతా చెప్పాను.

"ఒక్క బోల్టు విరిగిందని మూడేళ్ళ పని తప్పంటారా? ఆధారం ఏది?"

ఆధారం అడగడం న్యాయమే. మర్నాడు అటెండర్‌ను కూర్చోబెట్టి చెప్పాను: ఆరు పలకలు నువ్వే చెయ్యి. మూడింటికి రాగి, మూడింటికి ఇనుము. ఏది దేనితో చేశావో నాకు చెప్పకు. కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించు, గుమస్తా దగ్గర ఉంచు.

"మీకెందుకు చెప్పొద్దు?"

"నాకు తెలిస్తే నాకు నచ్చినట్టు చూస్తనన్నా. చూసిన కదా ఇన్నాళ్ళు."

"గట్లనే" అన్నాడు. తలుపు లోపల గడియ పెట్టుకుని నాలుగు రోజులు పనిచేశాడు. కరెంటు పోయి ఒకటి పాడైతే మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేసిన పలకలు నా చేతికిచ్చాడు. యథాప్రకారం వాటిని ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. జీవితంలో మొదటిసారి, నా పలకలు నాది తప్పని తేల్చాలని కోరుకుంటూనే, కోరుకోకుండానూ ప్రయాణం చేశాను. సారపాక దాటేసరికే తలనొప్పి పట్టుకుంది.

రెండో పలక దారిలోనే పోయింది, గీరుకుపోయింది. మిగతా ఐదూ కొలిచాం. గైడు గారు పక్కనే నిలబడ్డారు. అన్నిటిలో లోయ ఉంది, పొరలన్నీ బాగున్నాయి. అయస్కాంతం ఆన్ చేశాక ఒకటిలో బొడిపె. మూడులో లేదు. నాలుగులో ఉంది. ఐదులో ఉంది. ఆరులో గీత పరుపు పరిచినంత చదును.

కాలేజీకి ఫోన్ చేశాం. ప్రిన్సిపాల్ గారు ఎత్తారు. "మేడమ్, తనిఖీ ఫైలు మీ బీరువాలో పెట్టి తాళం..." అంటుండగానే అటెండర్‌ను పిలవమని బతిమాలాను. గుమస్తా కవరు చించిన చప్పుడు వినిపించింది. తర్వాత అటెండర్ గొంతు.

"ఇనుపవి చెప్పాల్నా, రాగివి చెప్పాల్నా?"

"ఇనుపవి."

"ఒకటి. నాలుగు. ఐదు."

గైడు గారికి ఆ గొంతు స్పష్టంగా వినబడింది. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆ నెలలోనే ఆయన ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ ఉంది. దరఖాస్తులో ఈ వ్యాసం పేరు మొదట ఉంది.

"ఐదు పలకలతో ఏం తేలుతుందమ్మా?" అన్నారు, నన్ను చూడకుండా.

"యాభై చేద్దాం సర్. కానీ కల్తీ లేదని మాత్రం నేను రాయలేను."

"నేనొక్కణ్ణే సంతకం పెట్టి పంపితే?"

"అప్పుడు ఆ పరిశీలకుడికి నేను విడిగా ఉత్తరం రాయాల్సి వస్తుంది."

పదిహేనేళ్ళ ఉద్యోగంలో పై వాళ్ళతో అలా మాట్లాడింది అదే మొదలు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన వారం రోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజున, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రెండు వాక్యాల ఉత్తరం పత్రికకు పంపి, నాకొక ప్రతి పోస్టులో పంపారు. దాని మీద ఇంకే మాటా లేదు. ఆ ఇంటర్వ్యూలో ఆయనకు పదవి రాలేదు. వ్యాసం వల్లనా, మరో కారణం వల్లనా నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత కూడా గైడుగా తన బాధ్యత మాత్రం తప్పలేదు. కానీ చనువుగా మాట్లాడటం మానేశారు.

అటెండర్ మళ్ళీ ల్యాబ్‌కి వచ్చాడు. ఎంత ఇనుముకు ఎంత బొడిపె వస్తుందో కొలవడమే నా కొత్త థీసిస్ అయింది. పాత సంగతే, మరింత వివరంగా. పలకలన్నీ ఆయన చేసినవే. గొప్ప థీసిస్ కాదు, తప్పులేనిది. డాక్టరేట్ రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆలోగా పదోన్నతుల జాబితా వచ్చింది, నా పేరు లేకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ అలాంటి జాబితా నేను రిటైరయ్యే దాకా రాలేదు. మా ఇంట్లో నన్ను ఆటపట్టించాలంటే ఇప్పటికీ "బోల్టు" అంటే చాలు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ మెమో ఒక ఎత్తు. అది రద్దు చేయాలని అడిగితే ప్రిన్సిపాల్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "మీ ఫిర్యాదు మీదే కదండీ ఇచ్చాను. ఇప్పుడు మీరే కాదంటే, నేను కారణం లేకుండా ఇచ్చినట్టు అవుతుంది." తప్పు నాదేనని రాసిచ్చాను. అలా రాయడానికి నమూనా లేదన్నారు. పై ఆఫీసుకు రాశారు, అక్కడి నుంచి వివరణ అడిగారు, వివరణకు జతపరచాల్సిన కాగితాలు అడిగారు, ఆ కాగితాలు ఇక్కడి నుంచే రావాలన్నారు. సున్నా దగ్గర బొడిపెను తీసేయడానికి ఒక్క రోజు పట్టింది. సర్వీసు రిజిస్టర్లో ఒక పేరాను తీసేయడానికి మూడేళ్ళు దాటింది. అటెండర్‌ను చూసినప్పుడల్లా ఆ పేరా నాకు గుర్తొచ్చేది.

రద్దు ఉత్తర్వు ఆయన రిటైరయ్యే నెలలో వచ్చింది. వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు. నేనూ మాట్లాడాను, కష్టజీవి, నిజాయితీపరుడు అంటూ అందరూ చెప్పే మాటలే చెప్పాను. సభ అయ్యాక వరండాలో ఆయన ఒక్కడే దొరికినప్పుడు ఉత్తర్వు ప్రతి చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు, వేలు పెట్టుకుని ఒక్కో వరసా. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది మేడం. కాయిదం మీద పోయింది."

"ఇంకా ఏమన్నా ఉందా అన్నా? నేను చేయగలిగింది ఏదన్నా ఉంటే చెప్పు."

అడగకుండా ఉండలేకపోయాను. పరవాలేదు మేడం, అంటాడనుకున్నాను. అనలేదు.

"గంట కొట్టినన్ని నెలలు పోరగాళ్ళు అడిగిన్రు. 'బాబాయ్, నిన్నెందుకు ల్యాబ్ కెల్లి తీసేసిన్రు, ఏం ఖరాబు చేసినవ్' అని. ఏం ఖరాబు చేయలేదంటే నమ్మకపోయిరి. మేడం ఊకెనే తీసేస్తదా అన్నరు. గీ కాయిదం వాళ్ళకు చూపియ్యలేను కద."

అవును. ఆ పిల్లలు అప్పటికే పాసై వెళ్ళిపోయారు. కొందరు టీచర్లు, కొందరు సారపాక కాగితం మిల్లులో, కొందరు ఎక్కడో. మర్నాడు అప్పటి ఫైనలియర్ క్లాసులో జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్ళు శ్రద్ధగానే విన్నారు. కానీ ఆయన్ని ఆ మాట అడిగిన వాళ్ళు వీళ్ళు కారు. సభలో మైకు నా చేతిలో ఉన్నప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేకపోయానో కూడా వాళ్ళకు చెప్పాను. సిగ్గేసింది, అంతే.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో అడవి అంచున ఆ చిన్న కాలేజీలో బీఎస్సీ చదివిన వాళ్ళలో ఎవరి చేతికైనా ఇది అందితే, వినండి. వరండాలో గంట కొట్టిన బాబాయ్ ల్యాబ్‌లో ఏ సామానూ ఖరాబు చేయలేదు. ఖరాబు చేసింది నేను. మేడం ఊరికేనే తీసేసింది.